కాటా దగ్గర మొదలుపెట్టండి: చిన్న, మధ్యతరహా పరిశ్రమల్లో మూడు నెలల్లో పూర్తయ్యే సాంకేతిక మెరుగుదలలు

నెల్లూరు జిల్లా కోవూరు ప్రాంతంలోని ఒక రైస్‌మిల్లు యజమాని ఎడగారు (రెండో పంట) కోతలకు నెల ముందు నన్ను పిలిపించారు. మిల్లు మొత్తానికి ఒకే సాఫ్ట్‌వేర్ పెట్టించాలనుకుంటున్నానని, వచ్చిన కొటేషన్ సరిగా ఉందో లేదో చూసి చెప్పమని అడిగారు. కొటేషన్ పక్కన పెట్టి, మొదట రెండు రోజులు కాటా దగ్గర కూర్చోనివ్వమన్నాను. ఆయనకు అది కాలయాపనగా తోచినా కాదనలేదు.

ఆ రెండు రోజుల్లో కనిపించింది ఇది. ధాన్యం ట్రాక్టరు వేబ్రిడ్జి ఎక్కగానే తూకం వేసే మనిషి తెరమీది అంకెను చీటీమీద రాస్తాడు. ట్రాక్టరు దించి వచ్చాక ఖాళీ బరువును అదే చీటీమీద రాస్తాడు. గుమాస్తా ఆ రెండు అంకెలనూ చిట్టాలోకి ఎక్కించి, తేమకు తరుగు తీసి, మిగిలిన కిలోలను 850తో భాగించి పుట్లలోకి మార్చి రైతుకు లెక్క చెప్తాడు. సాయంత్రం కంప్యూటర్ ఆపరేటరు అదే చిట్టా చూసి క్వింటాళ్లలో మళ్లీ ఎక్కిస్తాడు. ఒకే తూకం మూడు చోట్ల, మూడు చేతుల మీదుగా నడుస్తోంది. ట్రాక్టర్లు బారులు తీరడానికి కారణం కాటా ఆలస్యం కాదు, గుమాస్తా కాలిక్యులేటరు. అప్పటికే మిల్లులో ఉన్న బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ గురించి ఆ గుమాస్తాను అడిగితే, "దీంట్లో క్వింటాలే వస్తా ఉండాది సార్, రైతేమో పుట్టి లెక్క చెప్పమంటాడు, నేనేం చెయ్యాలి?" అన్నాడు. సమస్య మొత్తం ఆ ఒక్క మాటలో ఉంది.

మేము చేసిన పని రెండు భాగాలు. తూకపు ఇండికేటరు వెనక ఉన్న డేటా పోర్టు నుంచి కంప్యూటరుకు కేబుల్ వేయించి, బరువు ఎవరూ చేత్తో రాయనక్కర లేకుండా నేరుగా తెరమీదికి వచ్చేటట్టు చేశాము. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లో పుట్టిని ప్రత్యామ్నాయ కొలతగా, ఒక పుట్టి అంటే 8.5 క్వింటాళ్లుగా నమోదు చేసి, రైతుకిచ్చే చీటీలో రెండు లెక్కలూ పక్కపక్కనే అచ్చయ్యేలా చూశాము. 2025–26కు ఎ గ్రేడు ధాన్యం మద్దతు ధర క్వింటాలుకు 2,389 రూపాయలు కనుక పుట్టికి 20,306 రూపాయల 50 పైసలు అవుతుందని చీటీయే చెప్తుంది, కాలిక్యులేటరు నొక్కే పని లేదు. ఖర్చు ఆ కొటేషన్‌లో ఇరవయ్యో వంతు కూడా కాలేదు. ఒక జాగ్రత్త మాత్రం చెప్పాలి: కేబుల్ కోసం ఇండికేటరు పెట్టెను విప్పకూడదు, తూనికలు కొలతల శాఖ వేసిన సీలు కదిలితే ఆ తూకానికి చట్టబద్ధత పోతుంది. బయటికి పోర్టు లేని పాత ఇండికేటరు అయితే, లైసెన్సు ఉన్న మరమ్మతుదారుతోనే మార్పించి తిరిగి ముద్ర వేయించుకోవాలి.

ఈ వ్యాసంలో "త్వరిత మెరుగుదల" అన్న మాటను నేను ఈ అర్థంలోనే వాడుతున్నాను. ఇప్పటికే ఉన్న యంత్రాన్ని, ఇప్పటికే ఉన్న మనుషులను ఉంచుకుని, మూడు నెలల్లో పని పూర్తయి, పెట్టిన డబ్బు ఏడాదిలోపు వెనక్కి వచ్చేదే త్వరిత మెరుగుదల. రంగు మారిన గింజలను ఏరే కొత్త కలర్ సార్టర్ కొనడమో, రాయి కోసే పాత గ్యాంగ్‌సా తీసి మల్టీవైర్ యంత్రం పెట్టడమో పెట్టుబడి నిర్ణయాలు, వాటికి వేరే లెక్క ఉంటుంది.

మొదటి రెండు వారాలు: చీటీతో కొలవడం

ఎక్కడ మొదలుపెట్టాలో యజమానికి తెలుసనుకోవడం మామూలుగా జరిగే పొరపాటు. యజమానికి తెలిసేది తన టేబుల్ దాకా వచ్చిన గొడవ, తెలియనిది టేబుల్ దాకా రాకుండా రోజూ జరిగే నష్టం. దాన్ని పట్టుకోవడానికి సాఫ్ట్‌వేర్ అవసరం లేదు. లోపలికి వచ్చే ప్రతి సరుకుతోపాటు ఒక కాగితం చీటీ నడిపించి, అది చేరిన ప్రతిచోటా సమయం రాయమంటే చాలు. రైస్‌మిల్లులో గేటు, కాటా, శాంపిలు, దింపుడు, బిల్లు అనే అయిదు చోట్లు వస్తాయి. చీమకుర్తిలోనో గుండ్లాపల్లి గ్రోత్ సెంటరులోనో ఉన్న గ్రానైట్ పాలిష్ యూనిట్‌లో బ్లాకు దింపడం, కోత, పాలిష్, కొలత, లోడింగు వస్తాయి. రెండు వారాల చీటీలను వరసగా పేర్చి చూస్తే, పని జరిగిన సమయమెంతో, పని కోసం ఎదురుచూసిన సమయమెంతో విడివిడిగా తేలిపోతుంది. ఎదురుచూపు ఎక్కువున్న చోటే మొదటి మెరుగుదల ఉండాలి.

చీటీతోపాటు మరో మూడు కాగితాలు దగ్గర పెట్టుకోవాలి: కిందటి పన్నెండు నెలల కరెంటు బిల్లులు, ఎవరెవరు ఎంత బాకీ ఉన్నారో, ఎన్ని రోజులుగా ఉన్నారో చెప్పే పట్టిక, యంత్రం ఆగిన ప్రతిసారీ కారణం రాసిన పుస్తకం. మూడోది చాలా చోట్ల ఉండదు. లేకపోతే ఈ రోజే మొదలుపెట్టాలి, పుస్తకం వెలను బట్టి చూస్తే అంత లాభమిచ్చే పెట్టుబడి మరొకటి లేదు.

కరెంటు బిల్లు

మన ప్రాంతపు పరిశ్రమల్లో చాలావాటికి వేగంగా, ఖాయంగా డబ్బు మిగిలేది ఇక్కడే కాబట్టి దీనిమీద కాస్త ఎక్కువసేపు నిలబడతాను. నెల్లూరు వైపు తిరుపతి కేంద్రంగా ఉన్న దక్షిణ డిస్కం (విద్యుత్ పంపిణీ సంస్థ), ఒంగోలు వైపు 2020 నుంచి మధ్య డిస్కం సరఫరా చేస్తున్నా, కరెంటు విషయంలో చూడవలసినవి రెండు చోట్లా ఒకటే. మొదటిది, మీ యూనిట్లను కేడబ్ల్యూహెచ్‌లో (నిజంగా పనికి వాడిన కరెంటు) లెక్కిస్తున్నారా, కేవీఏహెచ్‌లోనా (లైను నుంచి లాగిన మొత్తం కరెంటు) అన్నది. కేవీఏహెచ్ లెక్క అయితే పవర్ ఫ్యాక్టరు (లాగిన కరెంటులో పనికొచ్చిన వంతు) తగ్గినకొద్దీ, మీరు వాడని కరెంటుకు కూడా డబ్బు కడుతున్నట్టే. ఉదాహరణకు నిజంగా వాడింది 1,000 యూనిట్లయితే, పవర్ ఫ్యాక్టరు 0.80 ఉన్నప్పుడు మీటరు 1,250 చూపిస్తుంది, 0.98కి పెంచితే 1,020 చూపిస్తుంది. ఆ 230 యూనిట్ల తేడాకు కావలసింది కెపాసిటర్లు, లోడును బట్టి వాటిని కలిపి విడదీసే ఏపీఎఫ్‌సీ ప్యానెల్.

కెపాసిటర్లు ఎప్పుడో పెట్టించామని చాలామంది చెప్తారు. పెట్టించినవి ఇప్పుడు పనిచేస్తున్నాయో లేదో మాత్రం చూసి ఉండరు. ఎలక్ట్రీషియన్ చేత టాంగ్ టెస్టరుతో ఒక్కొక్క కెపాసిటరు తీసుకుంటున్న ఆంపియర్లు కొలిపించి, దానిమీద అచ్చువేసిన అంకెతో పోల్చితే, ఎన్ని అలంకారానికి ఉన్నాయో అరగంటలో తెలుస్తుంది. ఉబ్బిన డబ్బా, నల్లబడిన టెర్మినల్ కనిపిస్తే కొలవడం కూడా అక్కర లేదు.

రెండోది, ఫ్యాన్లు, బ్లోయర్లు, సెంట్రిఫ్యూగల్ పంపులు. గాలి ఎక్కువైందని డ్యాంపరును సగం మూసి, మోటారును మాత్రం పూర్తి వేగంతో తిప్పడం ప్రతి మిల్లులోనూ కనిపిస్తుంది. ఇలాంటి చోట వీఎఫ్‌డీ (మోటారు వేగాన్ని మార్చే డ్రైవు) పెట్టి, డ్యాంపరు పూర్తిగా తెరిచి, వేగం తగ్గిస్తే ఆదా చాలా పెద్దది. ఫ్యాను తీసుకునే శక్తి వేగం ఘనాన్ని బట్టి మారుతుంది కనుక వేగాన్ని 80 శాతానికి దించితే శక్తి సుమారు 51 శాతానికి దిగుతుంది. అయితే ఈ లెక్క ఎలివేటర్లకు, కన్వేయర్లకు, పొట్టు తీసే హస్కరుకు, రాయి కోసే రంపానికి వర్తించదు. అన్ని మోటార్లకూ వీఎఫ్‌డీలు అమ్మజూపే వారిని, ఈ లెక్క ఏయే మోటార్లకు వర్తిస్తుందో చెప్పమని అడిగి చూడండి. వీఎఫ్‌డీకి, మోటారుకు మధ్య కెపాసిటరు ఎప్పుడూ ఉంచకూడదు. మోటారు టెర్మినళ్ల దగ్గర పాత కెపాసిటరు ఉంటే ముందు తీసేయాలి, లేకపోతే డ్రైవు కాలిపోతుంది.

మోటారు కాలినప్పుడల్లా తిరిగి చుట్టించడం మనకు అలవాటు, అది తప్పని అనను. కానీ రోజుకు 16 గంటలు, ఏడాదికి 300 రోజులు నడిచే 15 హెచ్‌పీ మోటారు సామర్థ్యం 88 శాతం నుంచి 91 శాతానికి పెరిగితే, పూర్తి లోడుమీద ఏడాదికి దాదాపు 2,000 యూనిట్లు మిగులుతాయి. అందువల్ల ఎక్కువ గంటలు నడిచే మోటార్ల జాబితా ముందే రాసి పెట్టుకుని, అవి కాలినప్పుడు చుట్టించకుండా ఎక్కువ సామర్థ్యమున్న ఐఈ3 తరగతి మోటారు కొనాలని, తక్కువ గంటలు నడిచేవాటిని చుట్టించాలని ముందుగానే నిర్ణయించుకోవాలి. మోటారు కాలిన రాత్రి ఆ నిర్ణయం ఎవరూ సరిగా తీసుకోలేరు.

కంప్రెసరు ఉన్న గ్రానైట్ యూనిట్లకు మరొక పరీక్ష ఉంది. గాలి వాడే యంత్రాలన్నీ ఆపిన వేళ కంప్రెసరును మాత్రం నడిపి, అది ఎంతసేపు లోడు తీసుకుంటోంది, ఎంతసేపు ఖాళీగా ఉంటోంది అని గడియారం పట్టి చూడాలి. ఎవరూ గాలి వాడనప్పుడు రెండు నిమిషాలు లోడు, ఎనిమిది నిమిషాలు ఖాళీ అయితే, ఆ కంప్రెసరు సామర్థ్యంలో 20 శాతం లీకులకే పోతోందని అర్థం. లీకులు వెతకడానికి సబ్బునీళ్లు, బ్రష్షు చాలు. గొట్టాల అతుకులు, కప్లింగులు, పాలిష్ హెడ్ల దగ్గరి సీళ్లు ముందు చూడాలి.

యార్డులో ఉన్నది తెరమీద కనిపించాలి

గ్రానైట్ వ్యాపారంలో నేను ఎక్కువగా చూసిన నష్టం, ఉన్న స్లాబు దొరకకపోవడం. కొనుగోలుదారు వాట్సాప్‌లో ఫలానా కొలత అడుగుతాడు. యార్డు మనిషి గంటసేపు వెతికి లేదంటాడు, రెండు వారాల తర్వాత అదే కొలత వెనక వరసలో దొరుకుతుంది. దీనికి పరిష్కారం ఒక స్ప్రెడ్‌షీటు, ఒక ఫోను. బ్లాకు సంఖ్య, స్లాబు వరస సంఖ్య, పొడవు, వెడల్పు, మందం, నిలబెట్టిన వరస, ఫొటో అనే ఏడు గడులు చాలు.

సంఖ్యను ఎక్కడ రాయాలన్నదే అసలు సంగతి. ఒక యూనిట్‌లో ముచ్చటగా క్యూఆర్ స్టిక్కర్లు అచ్చువేయించి అంటించారు. నీళ్లు, రాతిబురద, క్రేన్ బెల్టు రాపిడి కలిసి నెల తిరగకముందే సగం ఊడిపోయాయి. ఆ తర్వాత స్లాబు అంచుమీద తెల్ల పెయింట్ మార్కరుతో రాస్తే నిలిచింది. నిలబెట్టిన స్లాబులలో కనిపించేది అంచే గనుక, వెతకడానికి కూడా అదే అనువు. ఫొటోలు తీయడానికి ఒకే చోటు, ఒకే వేళ పెట్టుకోవాలి. చీమకుర్తి బ్లాక్ గెలాక్సీకి ధర పలికేది నల్లని నేలమీద మెరిసే బంగారు చుక్కల పరిమాణాన్ని, అమరికను బట్టి కాబట్టి, పూర్తి స్లాబు ఫొటో ఒకటి, మూలన టేపు పరిచి దగ్గరగా తీసినది ఒకటి ఉండాలి. ఈ రెండో ఫొటో లేకపోవడం వల్ల సరుకు వెళ్లాక వచ్చే తగాదాలే ఎక్కువ.

అదే షీటులో బ్లాకువారీగా దిగుబడి కూడా తేలుతుంది. 20 మిల్లీమీటర్ల స్లాబు కోయడానికి రంపం 6 మిల్లీమీటర్లు తినేస్తే, ఘనమీటరు రాయినుంచి లెక్క ప్రకారం సుమారు 38.5 చదరపు మీటర్లకు మించి రావు. అంచులు, పగుళ్లు పోగా మీకు నిజంగా ఎన్ని వస్తున్నాయో బ్లాకు తర్వాత బ్లాకు చూస్తే, ఏ క్వారీ రాయి కొనుగోలు ధరలో చవగ్గా కనిపించి కోతలో ఖరీదవుతోందో బయటపడుతుంది.

చల్లదనంమీద నడిచే యూనిట్లకు, అంటే రొయ్యల ప్రాసెసింగు, ఐసు ఫ్యాక్టరీలు, శీతల గిడ్డంగుల వారికి, ఇంతకన్నా ముఖ్యమైనది అలారం. ఘనీభవించిన సరుకు గది మైనస్ 18 డిగ్రీలు దాటి వెచ్చబడినా, కరెంటు పోయి జనరేటరు అందుకోకపోయినా, సిమ్ కార్డుతో పనిచేసే చిన్న పెట్టె ముగ్గురి ఫోన్లకు కాల్ చేస్తుంది. మూడు నంబర్లలో ఒకటి రాత్రి కాపలా మనిషిది కావాలి, యజమానిది ఒక్కటే పెడితే అలారం పెట్టనట్టే.

బిల్లులు, బాకీలు

ఇక్కడ కొత్తగా కొనవలసింది తక్కువ, ఉన్నదాన్ని వాడుకోవలసింది ఎక్కువ. వార్షిక టర్నోవరు 5 కోట్లు దాటిన వారికి, ఇతర వ్యాపారులకు ఇచ్చే బిల్లులకు ఈ-ఇన్వాయిస్ 2023 ఆగస్టు 1 నుంచి తప్పనిసరి. దాన్ని పోర్టల్‌లో చేత్తో నింపుతున్నవారు తమ బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ నుంచే నేరుగా వెళ్లేలా అమర్చుకుంటే, ఈ-వే బిల్లు కూడా అదే వివరాలతో తయారవుతుంది. లారీ డ్రైవరు గేటు దగ్గర ఎదురుచూసే సమయం అంతమేరకు తగ్గుతుంది. కొనుగోళ్ల వైపు, ప్రతి నెల 14న తయారయ్యే జీఎస్టీఆర్-2బీని (సరఫరాదారులు మీ పేరున ఎక్కించిన బిల్లుల పట్టిక) స్ప్రెడ్‌షీటులోకి దింపి మీ కొనుగోలు పుస్తకంతో సరిపోల్చడం అలవాటు చేసుకోవాలి. ఏ సరఫరాదారు బిల్లు ఎక్కించలేదో ఆ నెలలోనే తెలిస్తే ఫోన్ చేసి చేయించవచ్చు, ఏడాది చివర తెలిస్తే పోట్లాడవలసి వస్తుంది.

బాకీల విషయంలో చాలామందికి తమ హక్కు తెలియదు. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉన్న సూక్ష్మ, చిన్న తయారీ, సేవా సంస్థలకు, రాతపూర్వక ఒప్పందం ఉన్నా సరే 45 రోజులు మించకుండా, ఒప్పందం లేకపోతే 15 రోజుల్లో కొనుగోలుదారు డబ్బు చెల్లించాలని 2006 నాటి ఎంఎస్ఎంఈ అభివృద్ధి చట్టం చెప్తోంది. దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్ల వడ్డీ, నెలనెలా చక్రవడ్డీగా పడుతుంది. కేవలం కొని అమ్మే వర్తకులకు ఇది వర్తించదు. రిజిస్ట్రేషన్ పూర్తిగా ఉచితం, దానికి డబ్బు అడిగే వెబ్‌సైటు అసలుది కాదు. ఉద్యమ్ నంబరును, చెల్లింపు గడువు తేదీని బిల్లుమీదే అచ్చు వేయించడం, గడువుకు వారం ముందు వాట్సాప్‌లో గుర్తుచేసే సందేశం తనంతట తానే వెళ్లేలా పెట్టడం ఒక పూట పని. మన ప్రాంతంలో మొహమాటం కొద్దీ ఎవరూ అడగరు. కంప్యూటర్ అడిగితే మాత్రం ఎవరూ నొచ్చుకోరు, ఇది నేను చాలాసార్లు గమనించాను.

మనుషులు, అమ్మేవారు

కొత్త పద్ధతి నిలవాలా వద్దా అని నిర్ణయించేది గుమాస్తా, యజమాని కాదు. అందుకని కొనేముందే తెరను అతని ముందు పెట్టి, నిన్నటి నిజమైన బిల్లులు పదింటిని అతని చేత చేయించి చూడాలి. పది బిల్లుల్లో అతను ఎక్కడెక్కడ ఆగాడో అక్కడక్కడే మార్పు కోరాలి. పాత పుస్తకం, కొత్త పద్ధతి రెండూ కలిసి నడిచే కాలాన్ని ముందే తేదీ వేసి నిర్ణయించాలి, నెల చాలు. ఆ తేదీన పుస్తకం మూయకపోతే రెండు పనులు ఒకే మనిషిమీద పడి, అతను సులువైనదాన్ని, అంటే పుస్తకాన్ని ఉంచుకుంటాడు. కోతల కాలంలో, మార్చి నెలాఖరులో ఏ మార్పూ మొదలుపెట్టకూడదు.

అమ్మేవారిని అడగవలసిన ప్రశ్నలు కొన్ని ఉన్నాయి. మేము మానేసిన రోజున మా లెక్కలన్నీ ఎక్సెల్‌లో బయటికి వస్తాయా? అడ్మిన్ పాస్‌వర్డు ఎవరి దగ్గర ఉంటుంది? ఇంటర్నెట్ పోయినప్పుడు బిల్లు పడుతుందా? రెండో ఏడాది నుంచి ఎంత కట్టాలి? తెలుగులో చీటీ అచ్చవుతుందా? మొదటి ప్రశ్నకు సూటిగా జవాబు రాకపోతే మిగతావి అడగనక్కర లేదు.

ఉత్పత్తి నాణ్యత వైపు మెరుగుదలకు కేంద్రం నడుపుతున్న జెడ్ (జీరో డిఫెక్ట్, జీరో ఎఫెక్ట్) ధ్రువీకరణ పథకంలో ఫీజుమీద సూక్ష్మ సంస్థలకు 80 శాతం, చిన్నవాటికి 60, మధ్యతరహా వాటికి 50 శాతం రాయితీ ఉంది. నెల్లూరు, ఒంగోలులోని జిల్లా పరిశ్రమల కేంద్రాల్లో వివరాలు అడగవచ్చు. రాయితీ ఉందని కొనడం వేరు, కొనవలసిన దానికి రాయితీ వెతకడం వేరు.

తాళాలు ఎవరి దగ్గర ఉన్నాయి

పైవన్నీ మొదలుపెట్టే ముందే ఒక మధ్యాహ్నం కేటాయించి చూసుకోవలసిన సంగతి ఇది. జీఎస్టీ పోర్టల్‌లో, ఉద్యమ్‌లో, బ్యాంకులో, కరెంటు కనెక్షన్‌లో నమోదైన ఫోను నంబరు, ఈమెయిలు ఎవరివో చూడండి. ఎన్నో చోట్ల అవి అయిదేళ్ల కిందట మానేసిన గుమాస్తావో, ఆడిటరు ఆఫీసులోని కుర్రవాడివో అయి ఉంటాయి. ఓటీపీ వారికి వెళ్తుంది. సంస్థ పేరుమీద ఒక సిమ్, ఒక ఈమెయిలు తీసుకుని అన్నిటినీ దానికి మార్పించాలి. డబ్బు అందుకోవడానికి యూపీఐ పిన్ ఎప్పుడూ అవసరం లేదన్న సంగతి కౌంటరులో కూర్చునే ప్రతి ఒక్కరికీ చెప్పి, మోసం జరిగితే వెంటనే చేయవలసిన 1930 నంబరును గోడకు అంటించాలి.

2021 నవంబరులో పెన్నా పొంగి కోవూరు వైపు నీళ్లు కమ్మినప్పుడు, కంప్యూటరుతోపాటు దాని పక్కనే డ్రాయరులో ఉన్న బ్యాకప్ హార్డ్‌డిస్కు కూడా తడిసిపోయిన ఆఫీసు నాకు తెలుసు. లెక్కలు మూడు ప్రతులుగా ఉండాలి. వాటిలో ఒకటి ఆ భవనంలో ఉండకూడదు, ఇంట్లోనైనా, క్లౌడ్‌లోనైనా ఫర్వాలేదు. హార్డ్‌డిస్కును బ్యాకప్ తీసుకున్నాక కంప్యూటరు నుంచి ఊడదీయాలి, తగిలించి ఉంచితే వైరసు రెండింటినీ కలిపే పాడుచేస్తుంది. నెలకొకసారి, మొదటి ఆదివారం అనుకుందాం, ఆ ప్రతిని మరో కంప్యూటరులో తెరిచి, కిందటి వారపు చివరి బిల్లు నంబరు కనిపిస్తోందో లేదో చూసి, చూసిన తేదీని యంత్రం ఆగిన కారణాలు రాసే పుస్తకంలోనే రాసుకోవాలి.